అక్కతో తొక్కిన రోడ్లు

మా తోడికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ అలాగే పిలిచినా, ఆమె నిజంగా నాకు అక్క అయింది మాత్రం ఇద్దరం సైకిళ్ళు ఎక్కాకనే. అంతకుముందు చాలా ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడి కూడా మేం మాట్లాడుకున్నది పాలు, పప్పు, పనిమనిషి గురించే.

వరంగల్ చౌరస్తా దగ్గర మాది బట్టల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. అక్క భర్త, మా బావ, గల్లా దగ్గర కూర్చుంటాడు, మా ఆయన గిరాకీని చూసుకుంటాడు. ఆడవాళ్ళం మేం పైనే. అక్క స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో పుట్టింది. వాళ్ళ నాయనది అక్కడ చిన్న కిరాణా కొట్టు. హైస్కూలుకు ఘన్‌పూర్ దాకా సైకిల్ మీద పోయేదట, రైలు పట్టాల పక్క బాటన, ప్యాసింజరు బండితో పందెం వేసుకుంటూ. పెళ్ళయ్యాక సైకిల్ అన్న మాటే ఆమె నోట రాలేదు. అదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి.

కరోనా రోజుల్లో ఆమె కొడుకు వంగిన హ్యాండిలూ సన్నటి టైర్లూ ఉన్న సైకిల్ ఒకటి కొన్నాడు. కొన్నాళ్ళు తొక్కి మెట్ల కింద పడేశాడు. ఒక పొద్దున అక్క చుడీదార్ కాలికి నల్లటి నూనె మరక చూశాను. ఏమిటని అడిగితే మొదట మాట దాటేసింది. తర్వాత చీపురు పక్కన పెట్టి, దొంగతనం చేసిన దానిలా గొంతు తగ్గించి చెప్పింది.

"హసన్‌పర్తి చెరువు దాక పోయొచ్చిన. ఎవ్వలకు జెప్పకు."

"ఒక్కదానివే పోయినవా?"

"ఒక్కదాన్నే. ఎంత మంచిగున్నదో తెల్సా చెల్లె? గాలి మొకానికి కొడ్తాంటే చిన్నప్పటి లెక్కనే అనిపిచ్చింది."

ఆమె నన్ను చెల్లె అనడం అదే మొదటిసారి. నేను కూడా వస్తానన్నాను. నాకు థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు. డాక్టర్ నడవమని ఎప్పటి నుంచో చెబుతున్నాడు, ఆ సాకు ఇంట్లో పనికొచ్చింది. మా ఆయన హనుమకొండలో పాత సైకిల్ ఒకటి చూసి తెచ్చాడు. బావ ఏమంటాడోనని భయపడ్డాం కానీ ఆయన మా ఇద్దరి తలల మీది హెల్మెట్లు చూసి కడుపుబ్బా నవ్వి, "జర లారీలను జూసుకోండ్రి," అని ఊరుకున్నాడు.

అలా మొదలైంది. వారంలో మూడు నాలుగు పొద్దులు బయల్దేరేవాళ్ళం. హసన్‌పర్తి, పరకాల రోడ్డు, ములుగు రోడ్డు. ఊరు దాటితే ఇక ఎటు చూసినా చదును. వానాకాలం చివర పత్తి చేలు, చలికాలంలో మిర్చి తోటలు, కోతలయ్యాక సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. ఆ వడ్ల పక్కనుంచి గింజ తొక్కకుండా పోవడం అక్కకు బాగా వచ్చు. నాకు రాదు. ఎదురుగాలి ఉన్న రోజు నన్ను ముందుకు రానిచ్చేది కాదు. "నా ఎనుకనే ఉండు. నీకు దమ్ము సాలది," అనేది. ఆమె వీపు చూస్తూ తొక్కేదాన్ని. తడిసిన కుర్తా, ఊగే జడ, నల్లగా కందిన మెడ. ఇంట్లో అంత కాలం ఆమెను చూశాను కానీ అంత బలమైన మనిషని ఎప్పుడూ అనుకోలేదు.

మధ్యాహ్నాలు వంట అయ్యాక ఫోన్‌లో సైకిల్ వీడియోలు చూసేది. ఎక్కువగా స్పెయిన్ దేశానివి. కోసేసిన గోధుమ చేలు, పసుపుపచ్చటి మైదానం, దాని మధ్య ఒకే ఒక్క రోడ్డు, దూరంగా నది వెంట వరసగా పొడుగు చెట్లు. గుంపుగా సైకిళ్ళు పోతుంటాయి.

"జూడు, ఎండ మన పరకాల రోడ్డు మీది లెక్కనే ఉన్నది," అంది ఒక రోజు. "కని చేన్లల్ల మనిషే లేడు. నీళ్ళియ్యనీకెనన్న ఒక్కలు గావాలె గద."

"పోతవా అక్కా అక్కడికి?"

"నేనెక్కడ పోతనే! మనకు గోదారి లేదా? తొక్కుకుంట తొక్కుకుంట పోయి ఒక్కసారి గోదారి ఒడ్డున దిగాలె."

ఆ మాట ఆమె మరిచిపోలేదు. నన్నూ మరవనివ్వలేదు. చలికాలం రాగానే బయల్దేరాం. మొదటి రోజు మేడారం దాకా, మర్నాడు ఏటూరునాగారం మీదుగా గోదావరి. బావ దుకాణం వ్యాన్‌లో సామాను వేసుకుని వెనక వస్తానన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు సైకిళ్ళ మీద, వెనక ఒక బట్టల వ్యాను. ములుగులో చాయ్ తాగుతుంటే జనం మా చుట్టూ మూగారు. అక్క వాళ్ళందరికీ హెల్మెట్ ఇచ్చి పెట్టుకుని చూడమంది.

మేడారం మేమంతకుముందు జాతరకే పోయాం. అప్పుడు మనుషుల మధ్య కాలు పెట్టే సందు ఉండదు. ఈసారి ఖాళీగా ఉంది. కోళ్ళు తిరుగుతున్నాయి, ఇద్దరు ముసలమ్మలు అమ్మవార్ల గద్దెల దగ్గర ఊడుస్తున్నారు. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. అక్క ఒక చిన్న బంగారం ముద్ద పెట్టి దండం పెట్టింది. బయటికి వచ్చాక ఏం మొక్కుకున్నావని అడిగాను.

"ఏం మొక్కలే. అంత మంచిగనే ఉన్నం గద, ఏమడుగుతం?" అంది.

మర్నాడు పొద్దున అడవి రోడ్డు. టేకు చెట్లు, మంచు, మా చైన్ల చప్పుడు. ఏటూరునాగారం దాటి నది దగ్గరకు వస్తుంటే రోడ్డు ఒకచోట దిగుతుంది. అక్క నా ముందుంది. మలుపు దగ్గర ఆమె వేగం తగ్గలేదు. అరిచాను. ఆమె రెండు కాళ్ళూ రోడ్డుకు ఈడుస్తూ పోయి రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పలో పడింది. నేను దిగి పరిగెత్తేసరికి లేచి కూర్చుని తన కుడి చేతిని చూసుకుంటోంది. దెబ్బేమీ తగల్లేదు.

"బ్రేకు గుంజుతాన చెల్లె. చెయ్యి గుంజుతలేదు."

"తిమ్మిరెక్కిందా?"

"అట్లనే ఉండొచ్చు. సలికి."

నది దగ్గర ఇసుకలో కూర్చున్నాం. చలికాలం గోదావరి, నీళ్ళు పాయలుగా దూరంగా పారుతున్నాయి. బావ సంచిలోంచి సంత్రాలు తీసి ఇచ్చాడు. అక్క తొక్క ఒలవబోయింది. గోరు దిగలేదు. పండును ఇటు తిప్పి అటు తిప్పి నవ్వి నాకిచ్చింది. ఒలిచి తొనలు ఆమె చేతిలో పెట్టాను. ఆ రోజు ఆమె చాలా సంతోషంగా ఉంది. కాళ్ళు నీళ్ళలో పెట్టి, వచ్చే ఏడు ఇదే ఒడ్డు పట్టుకుని భద్రాచలం దాకా పోదామని బావతో ఒట్టు వేయించుకుంది. ఆ సంత్రా సంగతి మేం ముగ్గురం ఆ సాయంత్రానికే మరిచిపోయాం.

ఇంటికి వచ్చాక చెయ్యి మాత్రం బాగుపడలేదు. జాకెట్టు గుండీలు పెట్టుకోలేకపోయేది. చపాతీ పిండి కలపమంటే నన్ను కలపమనేది. తాళం చెవి తిప్పలేకపోయేది. హనుమకొండలో ఎముకల డాక్టర్ మెడ నరం నొక్కుకుపోయిందని మెడకు పట్టీ వేశాడు. చేతికి కరెంటు పెట్టించుకుంది, వ్యాయామాలు చేసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ గుంట పడిపోయింది. ఒక రోజు నేను కూరగాయలు తరుగుతుంటే ఆ గుంటలో వేలు పెట్టి చూపించింది. "ఇక్కడిది ఎటువోయింది?" అని అడిగింది.

ఎండాకాలంలో హైదరాబాద్ తీసుకుపోయాం. పెద్ద దవాఖాన. చేతులకూ కాళ్ళకూ నాలుకకూ సూదులు గుచ్చి పరీక్షలు చేశారు. డాక్టర్ బావనూ నన్నూ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. చెప్పడం మొదలుపెట్టాడో లేదో, తలుపు తోసుకుని అక్క వచ్చింది.

"నా ముంగటనే జెప్పుండ్రి సార్. పానం నాది గద."

ఆయన మంచివాడు. ఆమెను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. చేతులతో మొదలైంది, కాళ్ళకు వస్తుంది, మాటకు వస్తుంది, మింగడానికి వస్తుంది, చివరకు ఊపిరికి వస్తుంది. బుద్ధి మాత్రం మొదటిలాగే ఉంటుంది. ఒక మాత్ర ఉంది, అది కొంచెం ఆలస్యం చేస్తుంది, అంతకంటే ఏమీ చేయదు. బావ గోడ వైపు తిరిగాడు. అక్క అంతా విని ఒకటే అడిగింది.

"సైకిల్ తొక్కొచ్చా సార్?"

ఆయన, "తొక్కగలిగినన్ని రోజులు తొక్కండమ్మా," అన్నాడు.

తొక్కింది. కుడి చెయ్యి పనికి రాదు కాబట్టి రెండు బ్రేకులూ ఎడమ చేతికే వచ్చేలా మెకానిక్ తీగలు మార్చి ఇచ్చాడు. దూరాలు తగ్గాయి. పరకాల రోడ్డు పోయింది, ములుగు రోడ్డు పోయింది, హసన్‌పర్తి ఒక్కటే మిగిలింది. ఇప్పుడు నేను ముందుండేదాన్ని. వెనక ఆమె ఊపిరి వింటూ తొక్కేదాన్ని, ఆ ఊపిరి వినబడకపోతే ఆగేదాన్ని. ఆమెకు నా జాలి నచ్చేది కాదు. "నాకోసం అట్ల పెండ్లినడక నడువకు, జోరుగ తొక్కు," అని వెనక నుంచి తిట్టేది.

నాట్ల రోజుల్లో ఒక పొద్దున చెరువు దగ్గర ఆగాం. ఆగినప్పుడు కాలు కింద పెట్టాలి కదా. పెడల్ మీది నుంచి ఆ కాలు లేవలేదు. నిలబడ్డ సైకిల్‌తో పాటు అలాగే పక్కకు కూలిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు కాబట్టి ముఖం నేలకు తగిలింది. పెదవి చీలింది, ముందరి పన్ను విరిగింది. నాటు వేయడానికి పోతున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టారు. ఒకావిడ తన కొంగుతో నెత్తురు తుడిచి, "ఈ ఈడుల ఎందుకు బిడ్డ గివ్వన్ని?" అంది ప్రేమగానే. అక్క చెరువు వైపు చూస్తూ నాతో, "ఇగ సాలు చెల్లె," అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. సైకిళ్ళు రెండూ ఆటో మీద కట్టించుకుని ఇంటికి వచ్చాం.

ఆ తర్వాత అంతా దిగుడే. కర్ర పట్టుకుంది, కుర్చీకి వచ్చింది, మంచానికి వచ్చింది. ఆమెకు అన్నం కలిపి పెట్టడం, తల దువ్వడం, స్నానం చేయించడం నా పని అయింది. ముక్కు దురద పెడితే గోకుకోలేదు. దోమ వాలితే కొట్టుకోలేదు. "జర ముక్కు గోకు," అనేది మొదట్లో నవ్వుతూ. తర్వాత నవ్వడం మానేసింది. తర్వాత మాట ముద్దగా అయింది. ఇంట్లో నాకు ఒక్కదానికే ఆమె మాట అర్థమయ్యేది. కన్నకొడుకు తల్లి మాట అర్థం కాక నా ముఖం చూసేవాడు. అది ఆమె చూసేది.

కాళ్ళు బిగుసుకుపోకుండా కరెంటుతో తిరిగే పెడళ్ళ యంత్రం ఒకటి వ్యాయామం చేయించే అమ్మాయి చెబితే తెప్పించాను. కుర్చీ ముందు పెట్టి, అక్క పాదాలు జారిపోకుండా తువ్వాలతో పెడళ్ళకు కట్టి, మీట నొక్కాను. ఆమెకు సంతోషమవుతుందనుకున్నాను. కాళ్ళు గుండ్రంగా తిరిగాయి. ఆమె తొక్కడం లేదు, యంత్రం ఆ కాళ్ళను తిప్పుతోంది. అక్క తన మోకాళ్ళను చూసింది, అవి ఎవరివో అన్నట్టుగా. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆపు," అంది. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

ఆపేశాను. ఆ యంత్రాన్ని దుకాణం వెనక గోదాంలో పెట్టించాను.

ఇంకోసారి ఆమెను కారులో పరకాల రోడ్డు మీదికి తీసుకుపోయాం. పత్తి పూత మీద ఉంది, వాన వెలిసిన పొద్దు. సీటుకు కట్టి, తల వాలిపోకుండా దిండు పెట్టాం. ఎక్కడ ఏ ఊరు దాటామో నేను చెబుతూ వచ్చాను. కొంత దూరం పోయాక ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. నా పేరు పెట్టి పిలిచి మెల్లగా ఒక మాట చెప్పింది. బావ అద్దంలోంచి ఏమంటోందని అడిగాడు.

"ఇంటికి పోదామంటాంది బావా."

నిజానికి ఆమె అన్నది, "అద్దంల నుంచి జూస్తే ఇది ఆ రోడ్డు గాదు." ఆ మాట బావకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బావ ఎప్పుడూ పెద్దగా దేవుళ్ళను నమ్మిన మనిషి కాదు. ఆ ఏడు మారిపోయాడు. ఆమె ఎత్తు బంగారం మేడారం గద్దెలకు ఇస్తానని మొక్కుకున్నాడు. ఎత్తు బంగారమంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. ఆమెను మేడారం దాకా కదిలించలేం కాబట్టి బీటు బజారులో బెల్లం దుకాణానికి కుర్చీలో ఎత్తుకుపోయాం. పెద్ద త్రాసు ఉంది అక్కడ. ఒక పళ్ళెంలో పరుపు వేసి అక్కను కూర్చోబెట్టి నేను వెనక నుంచి పట్టుకున్నాను, బరువు మోపకుండా. రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు పెట్టడం మొదలుపెట్టారు. కాసిని ముద్దలు పెట్టారో లేదో అక్క పళ్ళెం లేచింది. దుకాణం మనిషి ఒకసారి బావను చూసి, పెట్టిన వాటిలోంచి కొన్ని తీసేశాడు. బావ ఆ తీసేసిన ముద్దలను చూస్తూ నిలబడ్డాడు.

"పెట్టు, ఇంక పెట్టు. ఆమె గంతనే ఉంటదా? ములుగు రోడ్డెక్కితె ఎవ్వలకు అందకపోయేది," అని బజారులో అందరి ముందూ ఏడ్చాడు. అక్క గాలిలో ఊగుతూ ఆయన్నే చూస్తోంది.

బెల్లం మేడారం పోయింది. మేం నలుగురం ఏదైనా జరుగుతుందేమోనని చూశాం. మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ఆమె ఊపిరి చిన్నదైంది. ముక్కుకు గొట్టం, పక్కన మిషను. మెడలో రంధ్రం చేసి పెద్ద మిషను పెడితే ఇంకొన్నాళ్ళు ఉంటుందని డాక్టర్లు అన్నారు. అక్కను అడిగాం. అప్పటికి మాట పూర్తిగా పోయింది. కళ్ళు ఒకసారి మూస్తే ఊఁ, రెండుసార్లు మూస్తే ఊహూఁ. రెండుసార్లు మూసింది. బావ మళ్ళీ అడిగాడు. మళ్ళీ రెండుసార్లు మూసి, నా వైపు చూసింది, ఈయనకు నువ్వు చెప్పు అన్నట్టుగా. నేను చెప్పాను. చెప్పిన పాపానికి ఆయన చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆయన్ని నేనేమీ అనలేను.

ఒక పొద్దున, దుకాణం షట్టరు ఎత్తిన చప్పుడు వినిపించిన కాసేపటికి ఆమె పోయింది. నేను ఆమె నోటికి తడిగుడ్డ అద్దుతున్నాను. ఆమె వెళ్ళిపోయాక కూడా అద్దుతూనే ఉన్నానట, మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నదాకా.

దినాలన్నీ అయ్యాక ఇంట్లో నాకు పని లేకుండా పోయింది. అంత పని ఒక్కసారిగా పోతే మనిషి ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయన నా సైకిల్ తుడిపించి గాలి కొట్టించి పెట్టాడు.

"ఒకసారి పోయిరా. మనసు జర తేలికైతది," అన్నాడు.

ఆయన మాట కాదనలేక బయల్దేరాను. హసన్‌పర్తి వైపు పోలేదు, ఘన్‌పూర్ వైపు తిప్పాను. అదయితే మేం ఎక్కువ తొక్కని రోడ్డు. వరి కోతకు వచ్చింది, గాలి లేదు, మంచి పొద్దు. ఒకచోట రోడ్డు మెల్లగా ఎక్కుతుంది. ఎంతో కాలంగా తొక్కలేదు కదా, ఆయాసం వస్తుందనుకున్నాను. రాలేదు. రెండేళ్ళు ఆమెను లేపి, కూర్చోబెట్టి, ఎత్తి పడుకోబెట్టిన ఒళ్ళు నాది, ఇదివరకటికంటే గట్టిపడింది. కాళ్ళు నన్ను అడగకుండానే తొక్కుతున్నాయి. చెయ్యి బ్రేకు మీద ఉంది, వేళ్ళు ముడుచుకోమంటే ముడుచుకున్నాయి, తెరుచుకోమంటే తెరుచుకున్నాయి. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఈ కాళ్ళ కంటే ఆ కాళ్ళు ఎంతో మంచివి. రోడ్డంటే ప్రాణం పెట్టింది ఆమె, నేను ఆమె వెంట పోయినదాన్ని మాత్రమే.

ఎక్కుడు సగంలో దిగిపోయాను. వరి చేను గట్టున సైకిల్ పడేసి కూర్చున్నాను. పక్క చేలో కోత మిషను తిరుగుతోంది. దాన్ని నడిపేవాడు ఆపి, ఏమైనా దెబ్బ తగిలిందా అమ్మా అని కేకేసి అడిగాడు. లేదని చెయ్యి ఊపాను. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాను. ఏడుపు కూడా రాలేదు. తర్వాత మా ఆయనకు ఫోన్ చేసి వ్యాను పంపమన్నాను.

అప్పటికీ నాతో మాట్లాడని బావే వ్యాను నడుపుకుంటూ వచ్చాడు. సైకిల్ ఎత్తి వెనక వేసి, నా పక్క తలుపు తీసి పట్టుకున్నాడు. వరంగల్ దాకా ఇద్దరం రోడ్డు చూస్తూ వచ్చాం.